వల తాడు

డబ్బులిచ్చి మరీ తడవడానికి వచ్చే మనుషులు కూడా ఉంటారా ఈ లోకంలో, తమ పాలెంలో అయితే ఒంటి మీద బట్ట ఒక్క పూట పొడిగా ఉంటే చాలని మొక్కుకుంటారు, ఇక్కడ చూడబోతే విజయనగరం నుంచి పనిగట్టుకుని వచ్చి, నల్ల కళ్ళజోళ్ళు పెట్టుకుని, గాలి నింపిన రబ్బరు పడవ ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు, కడుపు నిండినవాళ్ళ సరదాలు మరి, అనుకుంది రాజకుమారి నాగావళి ఒడ్డున ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని, ఆమెకీ ఒక నారింజరంగు జాకెట్టు తొడిగారు, నీళ్ళలో పడితే తేల్చే జాకెట్టు, ఎవరిదో పాత చెమట వాసన వేస్తోంది, గుజరాత్‌లో వెరావల్ రేవు చేపల బోట్లలో కూడా ఇవి ఉంటాయనీ, వాటిని తలకింద పెట్టుకుని పడుకుంటామనీ ఆమె మొగుడు ధనరాజు పెళ్ళైన కొత్తలో చెప్పి నవ్వేవాడు, సముద్రం ఈదినోడికి జాకెట్టేటి పిల్లా, సేపకి గొడుగు పట్టినట్టుంటాది అనేవాడు, ఇవాళ అదే మనిషి పట్టీలు ఒకటికి మూడుసార్లు లాగి చూసుకుంటున్నాడు, ఆమె చూసీ చూడనట్టు ఏటివైపు తిరిగింది, ఎందుకంటే ఇవాళ మంచి రోజు, మంచి రోజున మొగుడి మొహంలో వంకలు వెతకకూడదు. గైడు శివాజీ పాలకొండ మనిషి, ఈ రబ్బరు పడవల కంపెనీలో పెద్దవాడు, పోయిన వారం ఫోనులో ఎంత ఇదిగా చెప్పాడు, అన్నా, నువ్వు సముద్రపోడివి, నీకు నేర్పేదేటుంటాది, ఒక్క ట్రిప్పు ఊరికే సూడు, ఒదిన్ని కూడా తీసుకొచ్చీ, పొద్దున్న ఏటి మీద, మజ్జానం భీమిలి కాడ ఎర్రమట్టి దిబ్బలు, అదంతా ఎడారిలాగుంటాది, అన్నీ సూసుకుని నచ్చితే పనిలోకి వచ్చీ, అని, అందుకే తెల్లారగట్ట మొదటి బస్సు పట్టుకుని పాలెం నుంచి ఇంత దూరం వచ్చారు, పెళ్ళైన పదకొండేళ్ళలో ఇద్దరూ కలిసి పనిలేకుండా ఊరు దాటడం ఇదే మొదలు.

ఈ పని దొరికితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు, గంగమ్మకు కోడిని కోస్తానని మొక్కుకుంది కూడా, మూడేళ్ళయింది ధనరాజు వేటకు వెళ్ళి, వెరావల్ సరే, అది గుజరాత్, ఎక్కడో రెండు రోజుల రైలు, సొంత పాలెం ఒడ్డున తెప్ప కూడా ఎక్కలేదు, నడుం పట్టేసినాదే అంటాడు, అదే నడుంతో ఐసు దిమ్మలు మోస్తాడు, ఏడుగురి ప్రాణాలు చేతిలో పెట్టుకుని బోటు నడిపిన సరంగు ఇప్పుడు ఐసు మోస్తున్నాడని పాలెంలో నవ్వనివాడు పాపాత్ముడు, నవ్వనీ, నవ్విన నాపచేనే పండుతుంది, ఏటి నీళ్ళకు సముద్రమంత లోతుండదు, ఇక్కడ గీతల్లేవు, ఎవరూ వచ్చి ఎవర్నీ పట్టుకుపోరు, వినోద్‌ని పట్టుకుపోయినట్టు. వినోద్ పోయి మూడేళ్ళు, పోయి అనకూడదు, నోటికి చీపురు తగలెయ్య, వాళ్ళు తీసుకెళ్ళి మూడేళ్ళు, ఒక్కగానొక్క తమ్ముడు, బావ సరంగుగా ఉన్న బోటులోనే పనికి వెళ్ళాడు, చేపలు అటు పోతున్నాయని బోటు రెండు దేశాల మధ్య గీత దాటింది, నీళ్ళ మీద గీత ఎక్కడుంటుంది ఎవరికి కనబడుతుంది గానీ దాటింది, అటు దేశం గస్తీ పడవ తరుముకొచ్చింది, ఆ కంగారులో అంచున నిలబడ్డ వినోద్ జారి పడ్డాడు, బోటు ఆపితే అందరూ జైలుకే, ఆపకుండా వచ్చేశారు, వెనక్కి తిరిగి చూస్తే గస్తీవాళ్ళు వినోద్‌ని చెయ్యి పట్టి పడవలోకి లాగుతున్నారు, నా కల్లతో సూసినాను, బతికే ఉన్నాడు, కరాసీ జైల్లో ఏస్తారు, మనోల్లు ఎంతమంది ఎల్లి రానేదు, రెండేళ్ళో మూడేళ్ళో, ఒగ్గీస్తారు, అని రాజకుమారి అమ్మ లక్ష్మణమ్మ ముందు ధనరాజు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాడు, లోకంలో ఎక్కడైనా కొడుకు జైల్లో ఉన్నాడంటే తల్లి గుండెలు బాదుకుంటుంది, తమ పాలెంలో అమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది, జైల్లో ఉన్నాడట, జైల్లోనే ఉన్నాడట అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. విడుదలైనవాళ్ళ జాబితా రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ వినోద్ పెళ్ళాం దేవి కలెక్టరాఫీసు మెట్ల మీద నిలబడి పై నుంచి కిందకు, కింద నుంచి పైకి వేలు పెట్టి చదివింది, లేదు, పేరు తప్పు రాసుంటారు, ఆల్ల బాస ఏరు కదా, అన్నాడు ధనరాజు, దేవికి ఇరవై ఆరేళ్ళు, మారుమనువు తమలో తప్పేం కాదు, పుట్టింటివాళ్ళు ఒక సంబంధం చూసి ఆదివారానికి మాట చెప్పమన్నారు, భార్య పోయినవాడు, మంచివాడే, మనిషి బతికుండగా ఇంకో మనువేటి వొదినా, అని దేవి పొయ్యిలో చితుకులు విరుస్తూ అంది, నిజమే, శవమైనా రావాలి, లేకపోతే పోవడం కళ్ళారా చూశానని ఒక్కడైనా చెప్పాలి, అప్పటిదాకా ఏ ఆడదాని గాజులూ ఎవరూ పగలగొట్టరు, అది తమ పాలెం కట్టుబాటు, చూసినవాడు ధనరాజు, చూసినవాడు బతికున్నాడని చెప్పాడు, ఇంకేం కావాలి.

పడవ ఎక్కారు, ముందు వరసలో ధనరాజు, అతని వెనకే రాజకుమారి, పక్కన విజయనగరం నుంచి వచ్చిన కొత్త జంట, పిల్ల పేరు రేఖ, చేతుల నిండా గోరింటాకు, పెళ్ళై నెల కూడా అయినట్టులేదు, వెనకాల చుక్కాని తెడ్డు పట్టుకుని శివాజీ, కాబోయే గైడువి కదన్నా, అంటూ ధనరాజు జాకెట్టు రొమ్ము మీద చిన్న కత్తి ఒకటి ఒరతో సహా తగిలించాడు, గైడు దగ్గర కత్తి ఉండి తీరాలంట, తాడు చిక్కుకుంటే కొయ్యడానికంట, ధనరాజు ఆ కత్తిని ముట్టుకోలేదు, దాని కేసి చూడనైనా లేదు, పడవ కదిలింది, కార్తీకమాసం నీళ్ళు, చల్లగా, ఎర్రగా, కొండ వానల బురద ఇంకా తేరలేదు, మొదట్లో నెమ్మదిగా, అటూ ఇటూ చెరుకు తోటలు, గట్టు మీద గేదెలు తలెత్తి చూస్తున్నాయి, తర్వాత రాళ్ళు మొదలయ్యాయి, పడవ ముక్కు లేచి దబ్బున పడింది, నీళ్ళు మొహాన కొట్టాయి, ఓలమ్మో అని అరిచింది రాజకుమారి, అరిచి నవ్వింది, నవ్వు ఆగలేదు, ఎన్నాళ్ళయింది నవ్వి, కొంగంతా తడిసి ముద్దయింది, రేఖ ఆమె చెయ్యి పట్టుకుని నవ్వుతోంది, భయంగా ఉందా అక్కా అంటోంది, మాకు భయమేటమ్మా, మేం సముద్రపోల్లం, అని గొప్పగా చెప్పింది, చెప్పి మొగుడి వీపు చూసింది, ఇప్పుడు చూడండి మా ఆయన్ని అన్నట్టు చూసింది, వీపు బిగుసుకుపోయి ఉంది, తెడ్డు నీళ్ళలో ముంచడం లేదు, ఊరికే పట్టుకుని ఉన్నాడు, అలవాటు లేదు కదా, ఇంజను బోటు మనిషి, నేర్చుకుంటాడు, అమ్మా గంగమ్మా, నేర్చుకుంటాడు, దేవుడు ఒక తలుపు మూసి ఊరుకుంటాడా, ఈ ఒక్క పని ఇప్పించు.

అప్పుడే జరిగింది, ఎలా జరిగిందో మళ్ళీ ఎన్నిసార్లు తలుచుకున్నా వరస కుదరదు, పడవ ఏటవాలుగా వెళ్ళి ఒక బండరాయికి కరుచుకుంది, కరుచుకుని నిలబడిపోయింది, నీళ్ళు పక్క నుంచి తోసుకొస్తున్నాయి, రేఖ ఎగిరి నీళ్ళలో పడింది, ముందుభాగంలో చుట్టచుట్టి పెట్టిన తాడు ఆమె కాలికి మెలిపడి ఆమెతోపాటే పోయింది, తాడు ఒక కొస పడవకు కట్టి ఉంది, ఇంకో కొసలో పిల్ల కాలు, జాకెట్టు తేల్చాలని చూస్తోంది, తాడు పోనివ్వడం లేదు, ప్రవాహం ఆమెను కిందకు నొక్కుతోంది, తల కనబడింది, మునిగింది, కనబడింది, గోరింటాకు చేతులు రెండూ గాలిలో దేన్నో పట్టుకోబోయాయి, వెనక నుంచి శివాజీ అరుస్తున్నాడు, అన్నా తాడు కోసీ, కత్తి తీసి తాడు కోసీ, కోస్తే తేలిపోద్ది, ధనరాజు కత్తి తీశాడు, తీయడం రాజకుమారి చూసింది, ఎడమచేత్తో తాడు పట్టుకున్నాడు, కత్తి తాడుకు ఆనింది, అక్కడితో ఆగిపోయాడు, అతని ఎడమచెయ్యి తాడుతోపాటు వణుకుతోంది, లేక తాడే వణుకుతోందో, కోసీ అన్నా అంటున్నాడు శివాజీ, కోసీ మావా అని ఆమె కూడా అరిచింది, అతను కత్తి పడవలో పడేసి రెండు చేతులతో తాడు లాగడం మొదలుపెట్టాడు, లాగితే పిల్ల ఇంకా లోపలికి పోతోంది, లాగుతున్నాడు, లాగుతూ అంటున్నాడు, కొయ్యను, కొయ్యనురా, ఈసారి కొయ్యనురా వినోదూ, పట్టుకోరా, లాగుతన్నాను, పట్టుకో. శివాజీ ఇద్దరు మనుషుల మీంచి దూకివచ్చి కత్తి అందుకుని ఒక్క వేటు వేశాడు, తాడు తెగింది, రేఖ బెండులా పైకి లేచి కొట్టుకుపోయింది, కింద కాపు కాస్తున్న రెండో పడవవాళ్ళు జుట్టు పట్టి లాగి ఎక్కించారు, దగ్గింది, ఏడ్చింది, బతికింది.

ఒడ్డున అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు, ధనరాజు మీదకు రేఖ మొగుడు వచ్చాడు, కొయ్యమంటే లాగుతావేంటయ్యా, చంపేద్దామనుకున్నావా, బుద్ధుందా, ధనరాజు తల దించుకుని ఇసుక మీద కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అవి తనవి కావన్నట్టు చూసుకుంటున్నాడు, శివాజీ మంచివాడు, మొదటిసారి అందరికీ అవుతాదన్నా అన్నాడు, కానీ ఆ కత్తి తీసుకుని తన జాకెట్టుకే తగిలించుకున్నాడు, పని సంగతి నేను ఫోన్ చేస్తాన్లే అన్నాడు, ఆ ఫోను రాదని రాజకుమారికి తెలుసు, తెలిసి కూడా ఆమెకు బాధ కలగలేదు, కలగకపోవడమే వింతగా ఉంది, పొద్దున్నుంచీ ఆ పని కోసమే కదా ప్రాణం పెట్టుకుంది, ఇప్పుడా చోటంతా ఇంకో మాట ఆక్రమించుకుంది, ఈసారి అన్నాడు, ఈసారి కొయ్యను అన్నాడు, ఈసారి అంటే.

దిబ్బలకు పోయే దారిలో రాజాంలో కంపెనీ వ్యాను ఆపి భోజనాలు పెట్టారు, అంత గండం గడిచిన రేఖ అప్పుడే నవ్వుతోంది, వీడియో తీశారా తీశారా అని అందర్నీ అడుగుతోంది, వయసు అలాంటిది, చావు పక్కనుంచి పోయినా చీర అంచు తగిలినట్టే ఉంటుంది, రాజకుమారి అన్నం కెలుకుతోంది, ధనరాజు విస్తరి ముందు కూర్చుని మంచినీళ్ళు మాత్రమే తాగుతున్నాడు, తినీ మావా, అంది, ఆకలి నేదే, అన్నాడు, అంతే, మళ్ళీ వ్యాను, ధాన్యం లారీల వెనకాల, దుమ్ము, కిటికీ పక్కన ఆమె, ఆమె పక్కన అతను, మోకాలికి మోకాలు తగులుతోంది, తమ్ముడు జారి పడ్డాడు అని కదా చెప్పాడు, అంచున నిలబడి జారాడు, జారి పడ్డవాడికి తాడెక్కడిది, మూడేళ్ళలో నూరుసార్లు చెప్పించుకుంది ఆ కథ, అమ్మ చెప్పించుకుంది, దేవి చెప్పించుకుంది, పోలీసులు చెప్పించుకున్నారు, ఎవరికి చెప్పినా అదే మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా, నిజం చెప్పేవాడు ఒక్కోసారి ఒక్కోలా చెప్తాడు, ఒకసారి ఎండ ఎక్కువగా ఉందంటాడు, ఒకసారి ఆ పొద్దు కూరేం వండామో గుర్తొస్తుంది, ధనరాజు కథలో ఎండా లేదు, కూరా లేదు, తాడూ లేదు, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పేవాడు, తనకెందుకు తట్టలేదు, ఆ బోటులో ఉన్న జోగయ్య పక్క పాలెంవాడు, సంతలో తను ఎదురైతే బుట్ట పట్టుకుని సందు మారిపోతాడు, ఒకసారి కాదు, మూడేళ్ళనుంచీ, అమ్మోరి పండక్కి వచ్చి కూడా తమ గుమ్మం తొక్కలేదు, అప్పుడైనా ఎందుకు తట్టలేదు, తట్టింది, తట్టిందే రాజకుమారీ, తట్టిన ప్రతిసారీ లేచి వెళ్ళి అంట్లు తోమావు. చీపురుపల్లి దగ్గర రైలు గేటు పడింది, వ్యాను ఆగింది, ఒక రైలు అటుగా పోతోంది, కిటికీలకు కుక్కుకుని కుర్రాళ్ళు, ఎక్కడికి పోతున్నారో, తువ్వాళ్ళు తలకు చుట్టుకుని నవ్వుతున్నారు, ఒకడి మెడలో వినోద్‌కి ఉన్నట్టే నల్లతాడు, ఆమె కళ్ళు మూసుకుంది, పక్కన ధనరాజు కూడా మూసుకున్నాడని చూడకుండానే తెలిసింది.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగేసరికి పొద్దు వాలుతోంది, వాన నీళ్ళు కోసుకుంటూ పోయిన లోయలు, అటూ ఇటూ నిలువెత్తు ఎర్ర గోడలు, గోడలనిండా చారలు, వేళ్ళు బయటపడిన జీడిమామిడి చెట్లు అంచున పడీ పడకుండా వేలాడుతున్నాయి, నీళ్ళ చుక్క లేదు, నిజంగానే ఎడారి, మిగతావాళ్ళంతా ఫొటోలకని కేకలేసుకుంటూ ఒక పక్కకు పోయారు, ధనరాజు ఇంకో లోయలోకి నడిచాడు, ఆమె అతని వెనకాలే నడిచింది, రెండు మలుపులు తిరిగాక కేకలు వినబడలేదు, తమ అడుగుల చప్పుడు కూడా ఆ మెత్తటి మట్టి మింగేస్తోంది, అక్కడ నిలబడి అడిగింది, ఏ తాడు మావా, అని, అంతే అడిగింది, అతను తిరగలేదు, ఒసే రాజీ, ఇది అడక్కు, అన్నాడు, అడుగుతన్నాను, సెప్పు, అంది, నీకు సెప్పినాక నాకు ఇల్లుండదే, అన్నాడు, ఇల్లు సంగతి తరవాత, నా తమ్ముడేడి, అంది, ఆ గొంతు తనదేనా అనిపించింది, అతను ఆ ఎర్రమట్టిలో కూర్చుని చెప్పాడు.

మజ్జాన్నప్పుడే, ఎండ మాడిపోతన్నాది, వల ఒగ్గుతన్నాం, తాడు సర్రుమని పోతన్నాది, ఆడు కాలు ఆ సుట్టలో ఎట్టీసినాడు, బావా అన్నాడు, ఒక్కసారే, నీల్లలోకి లాక్కెల్లిపోనాది, తాడు పట్టుకున్నాం, ఆరుగురం పట్టుకున్నాం, లాగితే వస్తాడు, వల బరువు, ఎంతసేపని, అంతలో గస్తీ పడవ కనబడిపోనాది, మనం గీత దాటీసి ఉన్నాం, నానే దాటించినాను, వల నీల్లలో ఉంటే బోటు కదల్దు, జోగయ్య కాల్లట్టుకున్నాడు, నాకు ముగ్గురాడపిల్లలు సరంగూ, జైల్లో సచ్చిపోతాను, అన్నాడు, కత్తి నా సేతిలో ఉన్నాది, కోసీసినాను, కోసీసినానే రాజీ, బోటు తిప్పీసినాను, ఆడు పైకి రానేదు, గస్తీవోల్లు ఆడ్ని లాగనేదు, ఆల్లు మమ్మల్ని తరిమి ఎనక్కెలిపోనారు, ఆ సోటు నీల్లు మూసుకుపోనాయి. ఇంకా చెప్పు, అంది ఆమె, అతని మొహంలో ఇంకా ఉందని కనబడుతోంది, అతను ఎడమచెయ్యి పైకెత్తి చూపించాడు, తాడు ఆడతన్నాదే, నాను కోసినప్పుడు నా సేతిలో తాడు ఇంకా ఆడతన్నాది, సేప పడితే ఆడినట్టు కాదు, మనిషి లాగినట్టు, ఒకసారి ఆగి, మల్లీ ఒకసారి, ఆడు బతికున్నాడు, అన్నాడు, మట్టిలోకి వంగిపోయి ఏడ్చాడు, అతను ఏడవడం ఆమె చూడ్డం అదే మొదలు.

ఆమె కొట్టింది, చేతికి ఎక్కడ తగిలితే అక్కడ, వీపు మీద, తల మీద, రెండు చేతులతో, ముండాకొడకా, నా తమ్ముడ్ని సంపీసి నా పక్కన పడుకున్నావురా మూడేళ్ళు, నా సేతి కూడు తిన్నావురా, అమ్మ సేత దణ్ణాలెట్టించినావురా, అతను అడ్డం పెట్టుకోలేదు, చేతులు నొప్పి పుట్టాక ఆపింది, ఎదురుగోడకు ఆనుకుని కూర్చుంది, ఎర్రమట్టి చీరకంతా అయింది, వినోద్‌కి ఈత తను నేర్పింది, ఆరేళ్ళవాణ్ణి నడుం దగ్గర పట్టుకుని అలల్లోకి తీసుకెళ్తే అప్పా ఒగ్గకు, అప్పా ఒగ్గకు అని అక్క మెడ కావలించుకునేవాడు, వాడి పెళ్ళిలో గాజులు తను కొనిపెట్టింది, దేవి చేతికి తనే ఎక్కించింది, ఇప్పుడా గాజులు తనే తియ్యాలి, ఆదివారంలోపు చెప్పాలి, చెప్తే దేవికి ఇంకో బతుకుంది, చెప్తే అమ్మకు బతుకు లేదు, చెప్తే పాలెంలో ధనరాజుకు నిలువ నీడ ఉండదు, బావమరిదిని కోసి గంగలో కలిపినవాడు అంటారు, కుల పెద్దలు కూర్చుంటారు, ఊరి నుంచి వెలివేస్తారు, వేస్తే వేశారు, మూడేళ్ళు ఒక ఆడపిల్ల జాబితాల్లో వేలు పెట్టి వెతుక్కుంటుంటే చూస్తూ పేరు తప్పు రాసుంటారని చెప్పినవాడికి ఏ శిక్ష వేసినా తక్కువే, తను ఈ రాత్రికే వెళ్ళి చెప్తుంది, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని చెప్తుంది, తమ్ముడు చచ్చిపోయాడు, మూడేళ్ళ క్రితమే చచ్చిపోయాడు, ఆ మాట లోపల అనుకుంది, రెండోసారి అనుకుంది, వినోద్ చచ్చిపోయాడు.

దూరంగా వ్యాను డ్రైవరు హారను కొడుతున్నాడు, రండి రండి ఆలస్యమవుతోంది అని ఎవరో పిలుస్తున్నారు, ధనరాజు లేవలేదు, నన్నిక్కడే ఒగ్గీసి ఎల్లిపోవే, అన్నాడు మట్టిలోకి, ఆమె అతన్ని చూసింది, చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు, ఐసు దిమ్మల వల్ల తోలు లేచిన భుజం, ఆ రోజు వెరావల్ నుంచి ఫోను వచ్చినప్పుడు పాలెం అంతా ఒడ్డుకు పరిగెత్తింది, బోటులో ఒకడు తప్పిపోయాడంట, ఎవడో తెలీదంట, ఒక్కడంట, ఆ ఒక్కడు ఎవరో తెలిసేలోపు ఎంతసేపు, కూర పొంగి పొయ్యి ఆరిపోయేంతసేపు, అంతసేపూ ఇసుకలో కూర్చుని తను ఏం మొక్కుకుంది, ఇద్దర్నీ కాపాడమనా, మొదటి మొక్కు అదే, తర్వాత, ఒక్కడు ఎలాగూ పోయాడని తెలిశాక, దేవి పక్కన కూర్చుని, దేవి చెయ్యి పట్టుకుని, లోపల్లోపల ఏమంది, అమ్మా తల్లీ, నా మొగుడు కాకుండా చూడు, ఇంకెవరైనా సరే, అంది, ఆ బోటులో ఇంకెవరున్నారో తెలిసే అంది, వినోద్ అని పేరు వినబడగానే గుండెలు బాదుకుంటూ ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది, కానీ ఏడవడానికి ముందు ఒక్క ఊపిరి వదిలింది, హమ్మయ్య అన్న ఊపిరి, అది ఎవరూ వినలేదు, తనూ విననట్టే మూడేళ్ళు తిరిగింది, తాడెందుకు లేదు కథలో అని అడగకపోవడం, జోగయ్య సందు మారితే మారనివ్వడం, తట్టిన ప్రతిసారీ అంట్ల దగ్గరకు లేచిపోవడం, అంతా ఆ ఊపిరి బయటపడకుండానే, దేవికి చెప్పాలి, చెప్తుంది, ఆదివారం దాకా ఆగదు, కానీ ధనరాజు ఒక్కడూ చేశాడని చెప్తే అది కూడా అబద్ధమే అవుతుంది, ఎందుకంటే ఆ మధ్యాహ్నం ఆ బోటులో తను ఉండి, ఒక పక్క గస్తీ పడవ వస్తూ, ఒక పక్క మొగుడి చేతిలో తాడు ఆడుతూ ఉంటే, తాడుకు ఆ కొసన ఉన్నది తన తమ్ముడేనని తెలిసే, తన మెడ కావలించుకున్న ఆ చేతులేనని తెలిసే, జోగయ్య కంటే ముందు, అందరికంటే ముందు, కోసీ మావా అని అరిచేది తనే.